మెదడు కదలికను ఎలా చూస్తుంది? మీ ప్రాజెక్టుకు ఏ మోడల్ తీసుకోవాలి?

నాగావళి మీద నారాయణపురం ఆనకట్ట దగ్గర వరద తగ్గాక నీళ్లు ఒకే తీరుగా జారుతుంటాయి. ఒక చోట చూపు నిలిపి నిమిషం పాటు ఆ నీళ్లనే చూడండి. తరువాత కళ్లు పక్కనున్న రాతి గోడ మీదికి తిప్పండి. గోడ పైకి జరుగుతున్నట్టు ఉంటుంది. అలాగని ఏ రాయీ తన చోటు వదిలిపెట్టదు. జరుగుతోంది, కానీ ఎక్కడికీ పోవడం లేదు. నా దగ్గర ప్రాజెక్టు చేసే కుర్రాడొకడు మొదటిసారి అది చూసి, "నీరు కిందకే పడతంది కదా మాస్టారూ, గోడేటి పైకెల్తంది?" అని అడిగాడు. 1834లో స్కాట్లండ్‌లోని ఫాయర్స్ జలపాతం దగ్గర రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన ఇదే చూసి, ఇదే ఆశ్చర్యంతో రాసిపెట్టాడు.

ఆ ప్రశ్న ప్రాజెక్టు అయింది. ఆ వెంటనే రెండో ప్రశ్న వచ్చింది: ఏ మోడల్ తీసుకోవాలి? మోడల్ అంటే కదలికను చూసే పనిని అనుకరించే లెక్క, ప్రోగ్రామ్ రాసి నడిపేది. విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో ఫిజిక్స్, జువాలజీ, కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఏటా నన్ను అడిగేది ఇదే. నెట్‌లో వెతికితే పది పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కరు ఒక్కొక్కటి గొప్పదంటారు. ఏది ఎవరికి పనికొస్తుందో, ఎవరికి పనికిరాదో నాకు తెలిసినంతలో ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక మాట. కదలికను చూడడమంటే "వస్తువు ఇందాక అక్కడుంది, ఇప్పుడు ఇక్కడుంది" అని లెక్క వేసుకోవడం కాదు. 1875లో సిగ్మండ్ ఎక్స్‌నర్ రెండు విద్యుత్ మెరుపులను చాలా దగ్గర దగ్గరగా, ఒకదాని తరువాత ఒకటి వెలిగించి చూపించాడు. అవి రెండు చోట్ల ఉన్నాయని విడిగా పోల్చుకోలేనంత దగ్గరైనా, కదలిక మాత్రం తెలిసింది. అంటే రంగులాగే కదలిక కూడా కంటికి సూటిగా అందే సంగతి. 1983లో జర్మనీ వైద్యులు ఒక రోగి గురించి రాశారు. మెదడులో ఒక భాగం దెబ్బతిని ఆమెకు కదలిక కనిపించడం మానేసింది. కప్పులో పోస్తున్న టీ గడ్డకట్టిన మంచులా నిలిచిపోయినట్టు కనిపించేది. రోడ్డు దాటబోతే దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి మీదికి వచ్చేసేది. రంగులు, ఆకారాలు మాత్రం ఆమెకు బాగానే తెలిసేవి. కదలిక కోసం మెదడులో వేరే యంత్రాంగం ఉందనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనిపించలేదు. మనం రాసే మోడల్ ఆ యంత్రాంగానికే.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముందు, మీ ప్రశ్న దేని గురించి? ఒక నరకణం ఎలా స్పందిస్తుందనా, మనిషికి ఏమి కనిపిస్తుందనా, వీడియోలో ఏ పిక్సెల్ ఎటు వెళ్లిందనా? ఈ మూడూ ఒకటే అనుకుని మొదలుపెడితే ఆరు నెలలు వృథా.

రెండోది, నా దృష్టిలో అసలైనది: మనిషి ఎక్కడ పొరబడతాడో మోడల్ కూడా అక్కడే పొరబడుతుందా? సరైన జవాబు ఇచ్చే మోడళ్లు చాలా ఉన్నాయి. సరైన జవాబు దగ్గర అవన్నీ ఒకేలా కనిపిస్తాయి. మెదడుకు ఏది దగ్గరో తేలేది తప్పుల దగ్గరే. దీన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. ఎంటెక్‌లో నేను ఆప్టికల్ ఫ్లో ప్రోగ్రామ్ (వీడియోలో ఏ పిక్సెల్ ఎటు వెళ్లిందో లెక్కగట్టేది) ఒకటి రాసి, విజయనగరం సిరిమానోత్సవం (పొడవాటి మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే జాతర) వీడియో మీద నడిపి, జనం మీదా మాను మీదా బాణాలు గీయించి, "మెదడు కదలికను చూసే విధానం" అని పేరు పెట్టాను. బాణాలు చక్కగా వచ్చాయి. వైవాకు వచ్చిన పరీక్షకులు ఒక్కటే అడిగారు: "మనిషి కన్ను పొరబడే బొమ్మ ఒక్కటైనా దీనికి చూపించావా బాబూ?" చూపించలేదు. చూపిస్తే ఏమవుతుందో కూడా నాకు తెలియదు. నాలుగు నెలల పనిలో మెదడు గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదని ఆ నిమిషంలో అర్థమైంది.

మూడోది, మోడల్‌కు ఏమి చూపిస్తారు? చారలు, చుక్కలు అయితే ఒక దారి, వీధిలో తీసిన వీడియో అయితే మరో దారి. నాలుగోది, మీ చేతిలో ఉన్న కంప్యూటరూ మిగిలిన నెలలూ. చివరగా, అందులో ప్రతి అడుగూ బోర్డు మీద మీరే గీసి చెప్పగలరా? చెప్పలేనిది తీసుకుంటే చివరి నెలంతా టెన్షనే.

## రైఖార్ట్ డిటెక్టర్

1956లో బెర్న్‌హార్డ్ హాసెన్‌స్టైన్, వెర్నర్ రైఖార్ట్ అనే ఇద్దరు జర్మన్లు చేసిన ప్రయోగాల నుంచి పుట్టింది ఇది. క్లోరోఫానస్ అనే చిన్న పురుగు వీపును కడ్డీకి అంటించి గాలిలో నిలిపారు. కాళ్లకు గడ్డిపుల్లలతో చేసిన తేలికపాటి గోళాన్ని అందించారు. పురుగు నడుస్తుంటే గోళం దాని కాళ్ల కింద తిరుగుతుంది. గోళంలో దారి కొంత దూరానికొకసారి రెండుగా చీలుతుంది. చుట్టూ చారలు తిప్పుతూ, ప్రతి చీలిక దగ్గరా పురుగు ఎటు మళ్లిందో లెక్కపెట్టారు.

ఆ లెక్కల నుంచి వచ్చిన మోడల్‌ను అరపేజీలో గీయవచ్చు. పక్కపక్కనే రెండు చిన్న కళ్లు (పురుగు పెద్ద కంటిలోని బుల్లి భాగాలు) ఉన్నాయనుకోండి, ఎడమది, కుడిది. ఎడమ కంటి సంకేతాన్ని కాసేపు ఆపి, కుడి కంటి సంకేతంతో గుణించాలి. వస్తువు ఎడమ నుంచి కుడికి వెళితే, ఆపిన సంకేతమూ కొత్త సంకేతమూ ఒకేసారి కలుస్తాయి, లబ్ధం పెద్దదవుతుంది. ఇదే పని అద్దంలో తిప్పినట్టు రెండో వైపు కూడా చేసి, దీనిలోంచి దాన్ని తీసేయాలి. ధన సంఖ్య వస్తే కుడికి, రుణ సంఖ్య వస్తే ఎడమకు.

కళ్ల మధ్య దూరం (అవి చూసే దిశల మధ్య కోణం) 2 డిగ్రీలు, ఆపే సమయం 50 మిల్లీసెకన్లు అనుకుందాం. 2ను 0.05తో భాగిస్తే సెకనుకు 40 డిగ్రీలు. ఒంటరి చుక్క ఆ వేగంతో పోతే డిటెక్టర్ బాగా మోగుతుంది. ఇక్కడ చాలామంది ఆగిపోయి "ఇది వేగాన్ని కొలుస్తుంది" అని రాసేస్తారు. కొలవదు. వరస చారలు చూపిస్తే అది పట్టించుకునేది వేగాన్ని కాదు, సెకనుకు ఎన్ని చారలు దాటాయన్నదాన్ని (నల్లదీ తెల్లదీ కలిపి ఒక చారగా లెక్క). ఆపే భాగాన్ని సంకేతాన్ని ఆలస్యం చేసి పంపే మామూలు లో-పాస్ ఫిల్టర్‌గా, అదే 50 మిల్లీసెకన్ల టైమ్ కాన్‌స్టంట్‌తో రాస్తే, సెకనుకు 3.2 చారల దగ్గర స్పందన గరిష్ఠం. చారలు వెడల్పయినా సన్నమైనా అదే లెక్క. పైగా కాంట్రాస్ట్ (నలుపు తెలుపుల మధ్య తేడా) రెట్టింపైతే గుణకారం వల్ల జవాబు నాలుగు రెట్లవుతుంది. అలాంటి ఒక చార వెడల్పు కళ్ల మధ్య దూరానికి రెండు రెట్లకన్నా తగ్గితే దిశే తలకిందులవుతుంది.

ఇవి లోపాల్లా వినిపిస్తాయి. నిజానికి దీని బలం ఇక్కడే ఉంది. పురుగులూ ఈగలూ ఈ తప్పులు నిజంగానే చేస్తాయి. అందుకే ఈగ మెదడులో దిశను పట్టే టీ4, టీ5 కణాల మీద పనిచేసేవాళ్లు నేటికీ ఈ మోడల్ నుంచే మొదలుపెడతారు. కుందేలు రెటీనా మీద 1965లో బార్లో, లెవిక్ చెప్పిన మోడల్ దీనికి దగ్గరి చుట్టం. అక్కడ గుణకారం బదులు, వ్యతిరేక దిశ నుంచి వచ్చే సంకేతాన్ని ఆలస్యంగా వచ్చిన నిరోధం నొక్కేస్తుంది.

జువాలజీ విద్యార్థికి, మొదటిసారి ప్రోగ్రామ్ రాసేవారికి ఇది మంచిది. ఇరవై లైన్ల కోడ్ చాలు.

## మోషన్ ఎనర్జీ మోడల్

నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను. 1985లో ఎడ్వర్డ్ ఆడెల్సన్, జేమ్స్ బెర్గెన్ ప్రతిపాదించారు. దీన్ని చదివే ముందు ఒక చిన్న పని చేయండి, పుస్తకం తరువాత తెరవవచ్చు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఏదైనా మేడ మీద ఫోన్ కదలకుండా పెట్టి, రోడ్డు మీద వెళ్లే సైకిళ్లను పది సెకన్లు వీడియో తీయండి. ప్రతి ఫ్రేమ్ నుంచి ఒకే ఒక్క అడ్డు వరస పిక్సెళ్లు, సైకిల్ చక్రాల ఎత్తులో ఉన్నది, తీసుకోండి. ఆ వరసలను ఒకదాని కింద ఒకటి పేర్చండి. వచ్చిన బొమ్మలో అడ్డంగా చోటు, నిలువుగా కాలం. కరెంటు స్తంభం నిలువు గీతలా ఉంటుంది, ఎందుకంటే అది ఎక్కడికీ పోలేదు. సైకిల్ వాలు గీత అవుతుంది. ఆటో ఇంకా ఎక్కువ వాలుతుంది. ఎదురుగా వచ్చేది రెండో వైపుకు వాలుతుంది. కదలిక అంటే ఈ బొమ్మలో వాలు, అంతే. మెదడు నిలువు గీతనూ వాలు గీతనూ వేరు చేయగలదని, మెదడు కణాలను పరిశోధించిన హ్యూబెల్, వీసెల్ కాలం నుంచి తెలుసు. మరి చోటూ కాలమూ కలిసిన బొమ్మలో వాలును పట్టే ఫిల్టర్ ఎందుకు ఉండకూడదు? మోడల్ మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. నా విద్యార్థులు ఆ వాలు గీతలను తెర మీద చూసిన రోజు, అంతవరకు అర్థం కాని సమీకరణాలు వాళ్లంతట వాళ్లే చదువుకున్నారు.

ఒక్క ఫిల్టర్‌తో చిక్కు ఉంది. చార ఫిల్టర్ నడుమకు వస్తే జవాబు పెద్దది, పక్కకు జరిగితే సున్నా, ఇంకొంచెం జరిగితే రుణం. కదలిక ఒకే తీరున ఉన్నా జవాబు ఊగుతుంది. అందుకని పావు చార జరిపిన రెండో ఫిల్టర్‌ను జత చేసి, రెండిటి జవాబులనూ వర్గం చేసి కలుపుతారు. సైన్ వర్గం, కాస్ వర్గం కలిస్తే ఒకటి. ఇంటర్‌లో చదువుకున్నదే. జవాబు నిలకడగా వస్తుంది. ఆ మొత్తాన్నే ఎనర్జీ అంటారు. కుడి ఎనర్జీ లోంచి ఎడమ ఎనర్జీని తీసేస్తే దిశ తెలుస్తుంది.

ఇక తప్పుల పరీక్ష. నల్ల చుక్కను కుడికి జరుపుతూ, జరిపిన క్షణంలోనే తెల్లగా మార్చండి. మనిషికి అది ఎడమకు వెళ్లినట్టు కనిపిస్తుంది. 1970లో స్టువర్ట్ ఆన్‌స్టిస్ చూపించిన ఈ భ్రమను రివర్స్ ఫై అంటారు. చుక్కను వెంబడించే ప్రోగ్రామ్ "కుడికి" అంటుంది. ఎనర్జీ మోడల్ మనలాగే "ఎడమకు" అంటుంది. మీ రిపోర్టులో ఒకే ఒక్క బొమ్మకు చోటుందంటే ఇది పెట్టండి.

రైఖార్ట్ మోడల్ కూడా ఇక్కడ గెలుస్తుంది, ధన రుణాల గుణకారం రుణం కాబట్టి. నిజానికి ఫిల్టర్లను తగినట్టు ఎంచుకుంటే ఈ రెండు మోడళ్ల చివరి జవాబు ఒకటేనని అదే 1985లో వాన్ శాంటెన్, స్పెర్లింగ్ లెక్కగట్టారు. తేడా మధ్య మెట్లలో ఉంది. ఎనర్జీ మోడల్ మధ్య మెట్లు వీ1 అనే దృశ్య వల్కలం (చూపు సంకేతాలు మెదడు పైపొరలో మొదట చేరే చోటు) లోని సంకీర్ణ కణాలను, అంటే చార కొంచెం జరిగినా ఒకేలా స్పందించే కణాలను పోలి ఉంటాయి. క్షీరదాల మెదడు గురించి మాట్లాడాలంటే ఇదే అనుకూలం.

తడబడే చోటు: వెలుతురులో సగటు తేడా లేకుండా కేవలం గరుకుదనం మాత్రమే జరిగే బొమ్మలు. మనిషి ఆ కదలికను చూస్తాడు, మామూలు ఎనర్జీ మోడల్ చూడదు. ఛబ్, స్పెర్లింగ్ 1988లో ఇలాంటివి తయారుచేశారు. సంకేతాన్ని ముందే రెక్టిఫై చేసే (రుణ విలువలను ధనంగా మార్చే) మెట్టు ఒకటి చేర్చాలి. ఆ మెట్టు ఎందుకో వైవాలో చెప్పగలిగితే మంచి మార్కులే.

## గ్రేడియంట్ మోడల్, అంటే ఆప్టికల్ ఫ్లో

బీటెక్ పిల్లలు ముందుగా దీని మీదికే వెళతారు, ఓపెన్‌సీవీ అనే ఉచిత ప్రోగ్రామ్ లైబ్రరీలో రెడీగా ఉంటుంది కనుక. 1981లో లూకస్-కనాడే ఒక పద్ధతి, హార్న్-షంక్ ఒక పద్ధతి ఇచ్చారు. రెండిటికీ మూలం ఒకటే: వస్తువు జరిగినా దాని వెలుతురు మారదు. చోటును బట్టి వెలుతురు ఎంత మారుతోందో (ఇదే గ్రేడియంట్), కాలాన్ని బట్టి ఎంత మారుతోందో తెలిస్తే, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వేగం.

ఇబ్బంది ఎక్కడంటే, ఒక చోటు నుంచి వచ్చేది ఒక్క సమీకరణం, కావలసినవి రెండు సంఖ్యలు, అడ్డంగా వేగం, నిలువుగా వేగం. సిరిమాను నాడు విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర రెండు ఇళ్ల మధ్య సన్నని సందులోంచి చూస్తున్నారనుకోండి. జనం అడ్డు. పూజారి కూర్చున్న కొస కనబడదు, రథమూ కనబడదు. ఏటవాలుగా ఉన్న మాను నడుమ భాగం మాత్రమే ఆ సందులో కనిపిస్తుంది. రథం కోట వైపు అడ్డంగా సాగుతోంది, కానీ సందులో మాను పైకో కిందికో జారుతున్నట్టు ఉంటుంది. కొస కనబడగానే భ్రమ పోతుంది. దీన్నే అపెర్చర్ సమస్య అంటారు. 1935లో హాన్స్ వల్లాక్ దీన్ని వివరంగా పరిశోధించాడు. వీ1లోని ప్రతి కణమూ అలాంటి సందులోంచే లోకాన్ని చూస్తుంది.

లూకస్-కనాడే చుట్టుపక్కల పిక్సెళ్ల సమీకరణాలను కూడగట్టి, అన్నిటికీ దగ్గరగా సరిపోయే జవాబు వెతుకుతుంది. హార్న్-షంక్ పక్కపక్క వేగాలు ఉన్నట్టుండి మారవనుకుంటుంది. వీడియో పనికి, ట్రాఫిక్ లెక్కకు ఇవి బాగుంటాయి. "మెదడు ఇలా చేస్తుంది" అనడానికి మాత్రం ఇవి సరిపోవు. ఆ తప్పు నేను చేశానని పైన చెప్పాను. అయితే ఈ కోడ్ రాసి ఉన్నవారు దాన్ని పారేయనక్కర్లేదు. ఎందుకో కింద చూడండి.

## బేజ్ మోడల్

2002లో వైస్, సిమోన్‌చెల్లి, ఆడెల్సన్ బేజ్ సంభావ్యత సూత్రాన్ని వాడి చెప్పిన మాట ఇది: మెదడుకు వచ్చే కొలత ఎప్పుడూ మసకే. కాబట్టి అది తన అనుభవాన్ని కూడా కలుపుకుంటుంది. అనుభవం చెప్పేదేమిటంటే, లోకంలో చాలా వస్తువులు కదలవు, కదిలినా నెమ్మదిగానే కదులుతాయి. కొలత స్పష్టంగా ఉంటే కొలత మాట చెల్లుతుంది. మసకగా ఉంటే అనుభవం మాట చెల్లుతుంది.

కోడ్‌లో ఇది ఎంత చిన్న మార్పో చూడండి. లూకస్-కనాడేలో గ్రేడియంట్ల వర్గాల మొత్తంతో భాగిస్తాం కదా, ఆ మొత్తానికి ఒక స్థిర సంఖ్య కలపాలి. అంతే. ఆ సంఖ్య కొలతలోని గందరగోళానికీ, అనుభవం ఊహించే వేగాల విస్తృతికీ మధ్య నిష్పత్తి. చేతి లెక్క ఒకటి: గ్రేడియంట్ వర్గాల మొత్తం 9, కలిపే సంఖ్య 1 అనుకుందాం. అసలు వేగం గంటకు 60 కిలోమీటర్లయితే మోడల్ చెప్పేది 60 × 9 ÷ 10, అంటే 54. ఇప్పుడు కాంట్రాస్ట్‌ను మూడో వంతుకు తగ్గించండి. గ్రేడియంట్ వర్గాల మొత్తం 1కి పడిపోతుంది. మోడల్ చెప్పేది 60 × 1 ÷ 2, అంటే 30. అదే బండి, అదే వేగం, మసకలో సగమైపోయింది. ఈ సంఖ్యలు ఉదాహరణకే, కానీ మసకగా ఉన్నవి నెమ్మదిగా కనిపిస్తాయన్నది పీటర్ థాంప్సన్ 1982లోనే కొలిచి చూపిన సంగతి.

ధనుర్మాసంలో తెల్లవారుజామున ఎచ్చెర్ల, రణస్థలం వైపు హైవే మీద ప్రయాణించేవారికి ఇది ఊరికే లెక్క కాదు. 1998లో స్నోడెన్ బృందం సిమ్యులేటర్‌లో పొగమంచు లాంటి మసక కల్పిస్తే, డ్రైవర్లు తమ వేగం తక్కువనుకుని ఇంకా వేగంగా నడిపారు. ఇంతవరకు చదివి చాలామంది దీన్నే రాసేస్తారు. కానీ 2012లో ప్రెట్టో బృందం ఇంకో మాట చెప్పింది: నిజమైన మంచులో మసక అంతటా ఒకేలా ఉండదు, దగ్గరి రోడ్డు స్పష్టంగా, దూరం మసకగా ఉంటుంది. అలాంటి మంచును కల్పించినప్పుడు డ్రైవర్లు నెమ్మదించారు. మంచు మీద ప్రాజెక్టు చేస్తే రెండూ పెట్టండి, ఒక్కటే పెడితే సగం నిజమే చెప్పినట్టు. ఇంకో ముల్లు కూడా ఉంది. థాంప్సన్ కొలతల్లోనే, సెకనుకు 8 చారలు మించిన చోట మసక చారలు నెమ్మదిగా కాక వేగంగా కనిపించాయి. మామూలు బేజ్ మోడల్ దీన్ని వివరించలేకపోతుంది.

గణితం ఇష్టమున్నవారికి నేను చెప్పే మొదటి మోడల్ ఇదే. ప్రాబబిలిటీ అంటే భయం ఉంటే వద్దు. మరొక హద్దు కూడా గుర్తుంచుకోండి. ఇది మెదడు ఏమి లెక్కిస్తుందో చెబుతుంది. ఏ కణం ఆ పని చేస్తుందో చెప్పదు.

## వీ1 నుంచి ఎమ్‌టీ వరకు

1998లో సిమోన్‌చెల్లి, హీగర్ ఎనర్జీ మోడల్‌కు రెండో అంతస్తు కట్టారు. రెండు వాలు చారలను ఒకదాని మీద ఒకటి వేసి జరిపితే మనకు ఒకే గళ్ల బట్ట ఒకే దిశలో జరిగినట్టు కనిపిస్తుంది. వీ1 కణాలు విడి చారలకు పలుకుతాయి, ఎమ్‌టీ (వీ1 తరువాత కదలికను చూసే మెదడు భాగం) కణాలు కొన్ని మొత్తం గళ్ల దిశకు పలుకుతాయని మోవ్‌షన్ బృందం 1985లో చూపింది. ఆ మలుపు ఎలా జరుగుతుందన్నదే ఈ మోడల్. మీ ప్రశ్న గళ్ల గురించి అయితేనే దీని జోలికి వెళ్లండి. పని ఎక్కువ. ఎనర్జీ మోడల్ పూర్తిగా నడిచాకే మొదలుపెట్టాలి.

## డీప్ నెట్‌వర్క్‌లు

ఉదాహరణలు చూసి తామే నేర్చుకునే ప్రోగ్రాములివి. అందరికీ మోజు వీటి మీదే. ఇక్కడ రెండు రకాలను కలిపేయకూడదు. 2015 నాటి ఫ్లోనెట్, 2020 నాటి రాఫ్ట్ లాంటివి పిక్సెల్ వేగం సరిగ్గా చెప్పడానికి కట్టినవి. ఫ్లోనెట్‌ను కంప్యూటర్‌లో తయారుచేసిన ఎగిరే కుర్చీల బొమ్మలతో నేర్పించారు. ఏ మనిషి కన్నూ అలా నేర్చుకోదు. రెండో రకం, మెదడు ప్రశ్న కోసమే నేర్పించినవి. 2018లో వాతనబే బృందం, తరువాతి ఫ్రేమ్‌ను ఊహించడం మాత్రమే నేర్చుకున్న ప్రెడ్‌నెట్‌కు కితావోకా గీసిన తిరిగే పాముల బొమ్మ చూపించింది. కదలని ఆ బొమ్మలో నెట్‌వర్క్ కూడా తిరిగే కదలికను ఊహించింది. 2020లో రైడో, వెల్చ్‌మన్ సహజమైన బొమ్మల ముక్కలను జరుపుతూ చిన్న నెట్‌వర్క్‌కు నేర్పిస్తే, మనుషుల్లో కనిపించే భ్రమలు కొన్ని దానిలోనూ వచ్చాయి.

చాలా అందమైన పని. కానీ జీపీయూ (ఇలాంటి పెద్ద లెక్కలను త్వరగా చేసే గ్రాఫిక్స్ చిప్) లేకుండా, ఒక్క సెమిస్టర్‌లో మొదలుపెట్టవద్దని చేతులెత్తి చెబుతాను. నేర్పించిన నెట్‌వర్క్‌ను దించుకుని, దానికి రివర్స్ ఫై చూపించి, మనుషుల జవాబుతో పోల్చడం మాత్రం మంచి ప్రాజెక్టే. ఎవరో కట్టినదైనా ప్రశ్న మీదవుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| మోడల్ | బాగా కుదిరే ప్రశ్న | తడబడే చోటు | కావలసిన గణితం | కంప్యూటర్ |
|---|---|---|---|---|
| రైఖార్ట్ | పురుగులు, దిశ | వేగం కొలవడం | డిగ్రీ మొదటి ఏడాది | ఏదైనా |
| మోషన్ ఎనర్జీ | వీ1, భ్రమలు | గరుకుదనం మాత్రమే కదిలేవి | ఫోరియర్ | మామూలు ల్యాప్‌టాప్ |
| గ్రేడియంట్ | వీడియో, ట్రాఫిక్ | మెదడు గురించి చెప్పడం | లీస్ట్ స్క్వేర్స్ | మామూలు ల్యాప్‌టాప్ |
| బేజ్ | మసక, వేగం తప్పుగా తోచడం | వేగమైన మసక చారలు, కణాల వివరం | ప్రాబబిలిటీ, మాత్రికలు | మామూలు ల్యాప్‌టాప్ |
| వీ1–ఎమ్‌టీ | గళ్ల కదలిక | సమయం సరిపోకపోవడం | ఫోరియర్, మూడు కొలతల్లో | మంచి ల్యాప్‌టాప్ |
| డీప్ నెట్‌వర్క్ | సహజ వీడియోలో భ్రమలు | ఎందుకలా అన్నదో విప్పి చెప్పడం | చాలా ఉంది | జీపీయూ |

## మీరు ఎవరైతే ఏది

మూడు నెలలే ఉన్న బీఎస్సీ విద్యార్థికి రైఖార్ట్ చాలు. దాని ముందు చారల వెడల్పు మారుస్తూ, సెకనుకు ఎన్ని చారలన్నదే లెక్క అని మీరే తేల్చండి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ వారికి ఫోరియర్ వచ్చు కాబట్టి ఎనర్జీ మోడల్. బీటెక్ వారు చేతిలో ఉన్న లూకస్-కనాడేకు ఆ ఒక్క సంఖ్య కలిపి బేజ్ మోడల్‌గా మార్చుకోండి. పని పది లైన్లు, ప్రశ్న మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఇద్దరు కలిసి చేస్తుంటే ఒకరు మోడల్, ఒకరు మనుషుల మీద ప్రయోగం పంచుకోండి.

ఆ ప్రయోగం లేకుండా ఏ మోడలూ వద్దు. ఖర్చేమీ ఉండదు. ఇలాంటి ప్రయోగాలు నడిపే సైకోపై అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ల్యాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్ అయితే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. మీ బొమ్మ ఆ లెక్కలోనే జరగాలి, 20 మిల్లీసెకన్లకొకసారి జరపాలనుకుంటే కుదరదు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద పెడితే కొన్ని తెరల వెలుతురు దానంతటదే తగ్గిపోతుంది. అప్పుడు మీ కాంట్రాస్ట్ లెక్క తప్పుతుంది. కరెంటు పోయే వేళలు చూసుకుని ప్రయోగం పెట్టుకోండి. హాస్టల్లో అయిదారుగురు స్నేహితులు చాలు, వాళ్లకు ముందే విషయం చెప్పి ఒప్పుకున్నాకే కూర్చోబెట్టాలి. ఏ భ్రమ చూడాలో మాత్రం చెప్పకూడదు. చెబితే అదే చూస్తారు.

ఇక ఆనకట్ట గోడ. పైన చెప్పిన మోడళ్లలో ఏదీ ఉన్నది ఉన్నట్టుగా గోడను పైకి జరపదు. ఇవి అలసిపోవు కాబట్టి. 1963లో బార్లో, హిల్ కుందేలు రెటీనాలోని కణాలకు ఒకే దిశలో కదలికను చాలాసేపు చూపించి ఆపేశారు. ఆపగానే కణం మామూలు విశ్రాంతి స్థాయికన్నా కిందికి పడిపోయి, మెల్లగా కోలుకుంది. ఎదురు దిశ కణం మాత్రం మామూలుగానే ఉంది. మా కుర్రాడు చేసింది ఇదే: ఎనర్జీ మోడల్‌లో కింది దిశ జవాబుకు ఒక గెయిన్ (జవాబును గుణించే సంఖ్య) పెట్టి, అది వాడిన కొద్దీ తగ్గేలా, విశ్రాంతిలో మెల్లగా పెరిగేలా రాశాడు. పైదిశ లోంచి కింది దిశను తీసేసే చివరి మెట్టులో, కదలని గోడకు కూడా ధన సంఖ్య వచ్చింది. తరువాత ఫోన్‌లో స్టాప్‌వాచ్ పట్టుకుని ఆనకట్ట దగ్గరికే వెళ్లాడు. నీళ్లను పావు నిమిషం చూస్తే గోడ ఎన్ని సెకన్లు పైకి జరిగింది, అర నిమిషం చూస్తే ఎన్ని, నిమిషం చూస్తే ఎన్ని అని నలుగురు స్నేహితుల చేత కొలిపించి నోటుబుక్కులో రాసుకొచ్చాడు. గెయిన్ కోలుకునే సమయాన్ని ఇప్పుడు ఆ పేజీ చూసుకుంటూ సరిచేస్తున్నాడు.